విదేశీయానం రొట్టె మీద ఊరి పేరు ఉండదు

మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర జరిగే రొట్టెల పండుగలో ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె, సొంతింటి రొట్టె. ఆ వరసలోకే విదేశీయానం రొట్టె కూడా వచ్చి చేరింది. బారాషహీద్ దర్గాలో మొక్కుకుని, తల మీద కొంగో రుమాలో కప్పుకుని నీళ్ళలోకి దిగి, ఆ కోరిక అప్పటికే తీరినవాళ్ళ చేతి నుంచి రొట్టె అందుకుని తింటారు. తమ కోరిక తీరాక మళ్ళీ వచ్చి అదే పేరుతో ఇంకొకరికి రొట్టె ఇస్తారు. కులమూ మతమూ అక్కడ ఎవరూ అడగరు. ‘ఏ రొట్టె?’ అన్నదొక్కటే ప్రశ్న.

‘విదేశీ రొట్టె’ అంటే చాలు, ఉన్నవాళ్ళు తుంచి ఇచ్చేస్తారు. ఏ దేశమని, అందులో ఏ ఊరని ఆరా తీయరు. పండుగలో ఆ వివరం అక్కర్లేదు కూడా, మొక్కు విన్నవాడికి మిగతాది తెలుసు. కానీ చెరువు గట్టు దాటి ఇంటికి వచ్చాక కూడా నెల్లూరు, ప్రకాశం జిల్లాల విదేశీ కలల్లో ఆ ఖాళీ అలాగే ఉండిపోతుంది. కలలో దేశం ఉంటుంది, ఊరు ఉండదు. ‘అమెరికా వెళ్ళాలి’, ‘కెనడా అయితే నయం’, ‘జర్మనీలో ఫీజులు లేవంట’, ‘కువైట్‌లో మావాళ్ళున్నారు’. మనిషి కాపురం చేసేది మాత్రం ఒక ఊళ్ళో, ఒక వీధిలో, ఒక వాటాలో.

సొంత ఊరి దగ్గరికి వచ్చేసరికి ఇదే మనుషుల నిక్కచ్చితనం చూడాలి. నెల్లూరులో అద్దె ఇల్లు వెతికేవాళ్ళు మాగుంట లేఅవుట్, దర్గామిట్ట, వేదాయపాళెం, స్టోన్‌హౌస్‌పేట అంటూ పేటపేటకూ లెక్క మారుస్తారు. వాన పడితే అండర్‌బ్రిడ్జి కింద ఎంత లోతు నీళ్ళు నిలుస్తాయో, స్కూలు బస్సు సందులోకి వస్తుందో రాదో కనుక్కుంటారు. ఒంగోల్లో అయితే మున్సిపాలిటీ నీళ్ళు ఎన్ని రోజులకోసారి వస్తాయన్నది అద్దె కంటే ముందు అడుగుతారు. రెండు కిలోమీటర్ల తేడాకు ఇంత తర్జనభర్జన పడేవాళ్ళు, వేల కిలోమీటర్ల అవతలి కాపురాన్ని ఒక్క మాటలో తేల్చేస్తారు. విదేశీ కలల్లో వచ్చే చిక్కులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

ముందు వెళ్ళింది ఎద్దు

ఈ తీరానికి బయటి ప్రపంచం కొత్త కాదు. నేడు బాపట్ల జిల్లాలో ఉన్న మోటుపల్లి 2022 దాకా ప్రకాశం జిల్లా ఊరే. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ సముద్ర వ్యాపారుల కోసం అభయ శాసనం వేయించాడు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకునేవారు. అది ఇక ఉండదని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామని రాజు రాతి మీద మాటిచ్చాడు. అదే శతాబ్దం చివర్లో మార్కోపోలో ఈ రేవును ‘ముత్ఫిలి’ పేరుతో రాశాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే, అప్పట్లో మనం వీసా ఇచ్చే వైపు ఉండేవాళ్ళం.

తర్వాత దిక్కు మారింది. సరుకులు వెళ్ళాయి, వాటి వెనక మనుషులు వెళ్ళారు. గూడూరు వైపు అభ్రకం, కందుకూరు, టంగుటూరు వైపు పొగాకు, చీమకుర్తి నల్లరాయి. బంగారు చుక్కలున్నట్టు మెరిసే ఆ గెలాక్సీ గ్రానైట్ ఎన్ని దేశాల హోటళ్ళలో నేలగా పరుచుకుందో చీమకుర్తిలో లారీలు తోలేవాళ్ళకూ లెక్క ఉండదు. వీటన్నిటిలో వలస బాగా కలిసొచ్చింది మాత్రం ఒంగోలు ఎద్దుకే.

19వ శతాబ్దం రెండో సగంలో ఒంగోలు జాతి పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరాయి. 1868లో బయియా రాష్ట్రంలోని సాల్వదోర్ రేవులో ఒక జత దిగినట్టు ఆ దేశపు పశుపోషకులు చెప్పుకుంటారు. అక్కడ వాటి పేరు ‘నెలోర్’. ఒంగోలు ఎద్దుకు నెల్లూరు పేరెందుకు? అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్ళింది, 1970లో సొంత జిల్లా వచ్చింది, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఇక్కడ జిల్లా మూడుసార్లు మారినా ఎద్దు మాత్రం అక్కడ పాత పాస్‌పోర్టు మీదే ఉండిపోయింది. ఇప్పుడు బ్రెజిల్‌లో 20 కోట్లకు పైగా పశువులుంటే, మాంసం కోసం పెంచే మందలో అత్యధిక భాగం నెలోర్ జాతిదే. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటి గిన్నిస్ రికార్డుల్లోకెక్కింది. దాని బరువు 1,100 కిలోలు. ఒంగోలు పరిసరాల్లో అదే జాతి పశువును మేత దొరక్క సంతకు తోలుకుపోతున్న రైతుకు ఈ వార్త ఎలా వినిపిస్తుందో ఊహించుకోవచ్చు.

ఎద్దు అక్కడ అంతలా కుదురుకోవడానికి కారణం సులువైనదే. ఒంగోలు భూమధ్యరేఖకు ఉత్తరాన పదిహేనున్నర డిగ్రీల దగ్గర ఉంది. బ్రెజిల్‌లో అన్నిటికంటే ఎక్కువ పశువులున్న మాటో గ్రాసో రాష్ట్రపు రాజధాని కుయాబా దక్షిణాన దాదాపు అంతే దూరంలో ఉంది. అదే ఎండ, పగలూ రాత్రీ దాదాపు అంతే పొడవు, వానాకాలం పోగానే ఎండిపోయే గడ్డి. పేరుకు ఎద్దు ఖండం మారింది గానీ దానికి వాతావరణం మారలేదు. మనిషి కలలకు ఇలాంటి లెక్క ఉండదు. ఒంగోలు ఎండల్లో పుట్టినవాడు కెనడాలోని ఎడ్మంటన్ మంచులో ఇల్లు ఊహించుకుంటాడు. మన ఎద్దులు కోట్ల సంఖ్యలో హాయిగా బతుకుతున్న బ్రెజిల్‌లో ఉండాలని మాత్రం ఒంగోల్లో ఎవరి నోటా రాదు.

కలల పటం గీసేవాళ్ళు

బ్రెజిల్ ఎందుకు రాదంటే అక్కడ పిన్ని కొడుకు లేడు, మేనమామ కూతురు లేదు, ఆ దేశానికి పంపే కన్సల్టెన్సీ బోర్డు ట్రంకు రోడ్డు మీద లేదు, అక్కడి పోర్చుగీసు నేర్పే ఇన్‌స్టిట్యూట్ లేదు. ‘ప్రపంచంలో ఎక్కడైనా ఉండొచ్చంటే ఎక్కడుంటావు?’ అని అడిగితే దాదాపు రెండు వందల దేశాల పటంలో ఆరేడు దేశాలే వెలుగుతాయి. ఆ దీపాలు వెలిగించింది ముందు వెళ్ళిన బంధువులు. ఒకరు వెళ్ళి గది తీసుకుంటే తర్వాతివాడికి దిగడానికి చోటు దొరుకుతుంది. ఏ ఏజెంటు మోసగాడో, ఏ కోర్సు దండగో ముందే తెలుస్తుంది. వలసల గురించి రాసేవాళ్ళు దీన్ని గొలుసు వలస అంటారు. ఊళ్ళో మాత్రం ‘మావాళ్ళున్నారు’ అన్న ఒక్క ముక్కలో ఇదంతా ఉంటుంది.

ఒకప్పుడు ఈ ఎంపిక కూడా లేదు. 1830ల నుంచి మారిషస్‌కు, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు మద్రాసు రేవు మీదుగా తెలుగు కూలీలు ఓడలెక్కారు. మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరులో డర్బన్ చేరింది. దిగబోయేది ఏ చెరుకుతోటలోనో ఎక్కేటప్పుడు వాళ్ళకు తెలియదు. ఊరి పేరు తెలియకుండా ఓడెక్కే అలవాటుకు మన దగ్గర ఇంత పాత చరిత్ర ఉంది.

ఇప్పుడు పటాన్ని చదువు, పొలం రెండుగా చీలుస్తాయి. ఉమ్మడి నెల్లూరు జిల్లా మెట్ట మండలాల్లో, పక్కనున్న రాజంపేట, రాయచోటి వైపు ఊళ్ళలో విదేశం అంటే మొదట తట్టేది కువైట్. ఇంటి పనికి వెళ్ళే ఆడవాళ్ళ డబ్బుతో కట్టిన స్లాబు ఇళ్ళు ఆ దారిలో ఎన్నో కనిపిస్తాయి. పెన్నా కాలువల కింద మూడెకరాలున్న ఇంట్లో విదేశం అంటే అమెరికా. ఆ పొలాన్ని బ్యాంకు తాకట్టుకు ఒప్పుకుంటుంది, చదువు లోన్ వస్తుంది. కనిగిరి, మార్కాపురం వైపు వానకు ఎదురుచూసే నేలకు ఆ విలువ లేదు. అక్కడ ఎంతోమంది కలలు సముద్రం దాటకుండా బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో, కట్టే అపార్ట్‌మెంట్ పక్కన వేసుకున్న రేకుల షెడ్డులో ఆగిపోతాయి. ఊహకు హద్దుల్లేవని అంటుంటారు. తాకట్టు పెట్టే సర్వే నంబరు దాకా వచ్చేసరికి దానికీ హద్దు కనిపిస్తుంది.

పదో తరగతి సర్టిఫికెట్ సంగతి ఇంకా విచిత్రం. 1983 నాటి వలసల చట్టం కింద, పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టుకు సాధారణంగా ‘ఈసీఆర్’ ముద్ర పడుతుంది. వాళ్ళు కువైట్, సౌదీ, ఖతార్, ఒమన్, మలేసియా లాంటి 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఇంటి పనికి వెళ్ళే మహిళకు 30 ఏళ్ళు నిండి ఉండాలి. లైసెన్సున్న ఏజెంటు పని ఇప్పించినందుకు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. అనుమతితో వెళ్ళేవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. ఊళ్ళలో తిరిగే సబ్ ఏజెంట్లు అడిగే మొత్తాలు వేరు, చెప్పే దారులు వేరు. విజిట్ వీసా మీద పంపి ‘అక్కడికెళ్ళాక అకామా (అక్కడ ఉండి పనిచేసుకునే అనుమతి) కొట్టిస్తాం’ అంటే, ఆ ఒక్క మాటతో పైన చెప్పిన రక్షణలన్నీ పోయినట్టే. కాపాడటానికి పెట్టిన 30 ఏళ్ళ నిబంధన కూడా కొందరిని ఇలాంటి దొంగదారికి తోస్తుంది. మంచి ఉద్దేశంతో రాసిన నిబంధనే అవసరంలో ఉన్న మనిషిని ఏజెంటు చేతికి అప్పగించడం ఈ వ్యవస్థలో పెద్ద లోపం.

చదువు దారిలో ఏజెంటు పేరు కన్సల్టెన్సీ. వీటిలో చాలావాటికి ఆదాయం విద్యార్థి కట్టే ఫీజు కంటే యూనివర్సిటీ ఇచ్చే కమీషన్ నుంచే ఎక్కువ. అందుకే సలహా ఫ్రీగా దొరుకుతుంది. కావలికి చెందిన కుర్రాడు ఏ ఊళ్ళో రెండేళ్ళు బతకాలో చివరికి ఏ కాలేజీకి సీట్లు మిగిలాయన్నదాన్ని బట్టి తేలుతుంది. ఐ-20, అంటే వీసాకు కావాల్సిన అమెరికా కాలేజీ ప్రవేశ పత్రం, చేతికొచ్చాక గూగుల్ మ్యాప్‌లో ఆ ఊరు వెతుక్కునేవాళ్ళు తక్కువేమీ కాదు.

జల్లెడ

ఇష్టపడిన దేశం కూడా మనిషిని ఇష్టపడాలి. ఒక్కో దేశం జల్లెడ ఒక్కో రకం.

కెనడా వయసు చూస్తుంది. 2015లో మొదలైన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, అంటే పాయింట్ల లెక్కన శాశ్వత నివాసం ఇచ్చే పద్ధతిలో, 20 నుంచి 29 ఏళ్ళ మధ్య వాళ్ళకు వయసు పాయింట్లు పూర్తిగా వస్తాయి. 30 నుంచి ఏటా తగ్గుతూ 45కు సున్నా. ‘అప్పులు తీరాక చూద్దాంలే’ అనుకునే కుటుంబానికి ఇది తెలియకపోతే, అప్పులు తీరేసరికి తలుపు సగం మూసుకుపోయి ఉంటుంది. జర్మనీ డబ్బు చూస్తుంది, భాష చూస్తుంది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేని మాట నిజమే గానీ బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మన విద్యార్థులు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. అదీగాక 2024 సెప్టెంబరు నుంచి బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే డబ్బు వేసి, నెలకింతని మాత్రమే తీసుకునే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. అంటే 11, 12 లక్షల రూపాయలు. ఫీజు లేదంటే ఖర్చు లేదని అర్థం చేసుకుని బయల్దేరినవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు.

అమెరికా జల్లెడ పుట్టిన చోటు చూస్తుంది. ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకైనా ఇందులో మామూలుగా 7 శాతమే, అంటే 9,800. భార్యాభర్తలు, పిల్లలు కూడా ఆ లెక్కలోకే వస్తారు. ఇతర కోటాల్లో మిగిలినవి కొన్నేళ్ళలో కలిసినా లైను తరగదు. ఐస్‌లాండ్‌కూ 7 శాతమే, ఇండియాకూ 7 శాతమే. ఈ లెక్కకు పౌరసత్వంతో పనిలేదు. పెనుబల్లిలో పుట్టినవాడు తర్వాత కెనడా పౌరుడైనా అతను నిలబడేది ఇండియా లైనులోనే. తల్లిదండ్రులు లైనులో ఉండగానే పిల్లలకు 21 దాటితే మామూలుగా వాళ్ళు లైనులోంచి పక్కకు తప్పుకోవాలి. దాని కంటే ముందు మెట్టు హెచ్-1బి ఉద్యోగ వీసా. ఏడాదికి 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకు ఇంకో 20 వేలు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించడంతో ఈ జిల్లాల్లో ఎన్ని ఇళ్ళలో ఆ రాత్రి నిద్ర పట్టలేదో.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ‘స్టేటస్’ అన్న మాట మన వాడుకలో పరువు, హోదా. అక్కడికెళ్ళాక అదే మాట కాగితాల చెల్లుబాటుకు పేరు. పెళ్ళి సంబంధాల్లో అబ్బాయి స్టేటస్ ఏంటి అని అడిగితే ఈ రోజుల్లో రెండు అర్థాలూ కలిపే అడుగుతున్నారు.

ఊరంటే ఒక మామూలు రోజు

కలలో దేశం స్థానంలో ఊరిని పెట్టి చూస్తే ప్రశ్నలు మారిపోతాయి. ‘అమెరికా ఎలా ఉంటుంది’ అంటే జవాబు లేదు. ‘డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా ఎలా గడుస్తుంది’ అంటే జవాబుంది. ఫ్రిస్కోలో హనుమంతుడి గుడి ఉంది, తెలుగు పచారీ కొట్లున్నాయి, పక్కింట్లో తెలుగు వినిపించొచ్చు. కానీ పాల ప్యాకెట్టుకు కారు తీయాలి. డ్రైవింగ్ రాని అమ్మానాన్నలు ఆర్నెల్లకు వస్తే కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఇంట్లోనే. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదని మురిసిపోయి ఇల్లు కొన్నవాళ్ళు, ఇంటి విలువలో ఏటా ఒకటిన్నర నుంచి రెండు శాతం దాకా ఆస్తిపన్ను కడుతూనే ఉండాలని తర్వాత తెలుసుకుంటారు. నెల్లూరులో ఇంటిపన్ను వందల్లోనో వేలల్లోనో కట్టిన చేతికి అది మింగుడుపడటం కష్టం.

చలి గురించి అందరూ హెచ్చరిస్తారు. చీకటి గురించి ఎవరూ చెప్పరు. నెల్లూరులో ఏడాదిలోకెల్లా చిన్న పగలు కూడా 11 గంటలు దాటే ఉంటుంది, పెద్ద పగలు 13 గంటలు. ఎండాకాలానికీ శీతకాలానికీ తేడా రెండు గంటల లోపే కాబట్టి వెలుతురు అనేది లెక్కలోకి తీసుకోవాల్సిన విషయమని ఇక్కడ ఎవరికీ తోచదు. డిసెంబరులో డల్లాస్ పగలు 10 గంటలు, టొరంటోలో 9 గంటల లోపు, లండన్‌లో 8 గంటల లోపు, ఎడ్మంటన్‌లో ఏడున్నర. లండన్‌లో మధ్యాహ్నం నాలుగు కొట్టక ముందే సూర్యుడు దిగిపోతాడు. ఉదయం చీకట్లో బస్సెక్కి, సాయంత్రం చీకట్లో బస్సు దిగి, ఆదివారం మబ్బు పడితే వారమంతా ఎండ మొహం చూడని మనిషికి కలిగే దిగులును ‘హోమ్‌సిక్’ అని సరిపెట్టేస్తారు. అందులో సగం ఇంటి బెంగ అయితే సగం వెలుతురు బెంగ. చలికి స్వెట్టరు కొనుక్కోవచ్చు.

ఎండ నుంచి పారిపోవాలనుకునేవాళ్ళ లెక్క ఇంకోలా తప్పుతుంది. రోహిణి కార్తెలో ఒంగోలు వడగాడ్పు తట్టుకోలేక కువైట్‌లో ఏసీ గదిని ఊహించుకునేవాడికి, 2016 జులైలో అదే దేశంలోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైందని చెప్పాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని అక్కడ నిషేధం ఉంది. ఆ ఐదు గంటలు ఎక్కడ గడపాలన్నది పనిచేసే చోటును బట్టి, యజమానిని బట్టి ఉంటుంది. ఇంటి పనివాళ్ళకు ఆ నిషేధంతో సంబంధం లేదు, వంటగది ఆరుబయట కాదు కదా.

వారం కూడా ఊరిని బట్టే మారుతుంది. జర్మనీలో ఆదివారం కొట్లు మూసేస్తారు. శనివారం సాయంత్రం ఉల్లిపాయలు తెచ్చుకోవడం మర్చిపోతే సోమవారం దాకా పులుసు లేదు. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్ వైపు, సంక్రాంతి మండు వేసవిలో వస్తుంది. భోగి మంటకు బదులు ఆ రోజు బయట నిప్పు వెలిగించకూడదన్న హెచ్చరిక రావచ్చు. కువైట్‌లో వారాంతం శుక్ర, శనివారాలు. కోరికల్లో ఇవి ఉండవు గానీ కాపురంలో రోజూ ఎదురయ్యేవి ఇవే.

గడియారం సంగతి తల్లులకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడి కూతురు పని ముగించుకుని ఫోన్ చేసేసరికి ఇక్కడ అందరూ పడుకుని ఉంటారు. డల్లాస్ ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. నెల్లూరులో ఉదయం ఏడింటికి అమ్మ కాఫీ గ్లాసుతో వీడియో కాల్ చేస్తే అక్కడ ముందురోజు రాత్రి భోజనాల వేళ. ఈ జంట బాగానే కుదురుతుంది. మెల్‌బోర్న్ నాలుగున్నర, ఐదున్నర గంటలు ముందుంటుంది, అక్కడివాళ్ళు పడుకునే వేళకు ఇక్కడ దీపాలు పెడుతుంటారు. దేశాన్ని ఎంచుకునేటప్పుడు జీతం, వీసా, వాతావరణం లెక్కేసేవాళ్ళు ఇంటితో మాట్లాడే వేళ ఏదవుతుందో ఒక్కసారి వేసుకుంటే, కొన్ని నిర్ణయాలు వేరేగా ఉండేవేమో.

తిండి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫ్రోజెన్ చేపతో, సీసాలోని చింతపండు పేస్టుతో నెల్లూరు చేపల పులుసు పెట్టినవాళ్ళంతా తర్వాతి రోజు తింటే బాగుంటుందని తమను తాము ఓదార్చుకుంటారు. అది నెల్లూరులోనూ తర్వాతి రోజే బాగుంటుంది కాబట్టి ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు.

అటునుంచి వచ్చే కల

వెళ్ళి పదిహేనేళ్ళయిన మనిషిని ఇదే ప్రశ్న అడిగితే కల తిరగబడి ఉంటుంది. ఆశ్చర్యమేమంటే ఆ కలలో దేశం ఉండదు, ఊరే ఉంటుంది. ఇండియాలో స్థిరపడాలని ఎవరూ చెప్పరు. సోమశిల కాలువ కింద రెండెకరాలు, నాలుగు నిమ్మచెట్లు, వరండాలో వాలుకుర్చీ. లేదా కొత్తపట్నం బీచి దారిలో చిన్న ఇల్లు. వెళ్ళేటప్పుడు లేని నిక్కచ్చితనం తిరిగొచ్చే కలలో పుష్కలంగా ఉంటుంది, ఎందుకంటే ఆ చోటు కాళ్ళకు తెలిసిన చోటు.

ఆ రెండెకరాల దగ్గరే చట్టం అడ్డొస్తుంది. విదేశాల్లో స్థిరపడిన భారతీయులు, ఓసీఐ కార్డున్నవాళ్ళు (వేరే దేశపు పౌరులైన భారత సంతతివాళ్ళు) ఇక్కడ ఇల్లు, ఫ్లాటు, షాపు కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా మాత్రం రావచ్చు. భారత రాజ్యాంగం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు కాబట్టి అమెరికా పాస్‌పోర్టు తీసుకున్న రోజే ఇక్కడి పౌరసత్వం, దానితోపాటు ఓటు పోతాయి. 2005 నుంచి ఉన్న ఓసీఐ కార్డు రాకపోకలకు జీవితకాలపు వీసాలాంటిది, అంతకు మించి ఆశ పెట్టుకోకూడదు. పొలం తాకట్టు పెట్టి వెళ్ళినవాడు పొలం కొనుక్కునే హక్కు లేకుండా తిరిగి రావడం ఈ కథలో అన్నిటికంటే విడ్డూరమైన మలుపు. దీన్ని తప్పించుకోవడానికి బావమరిది పేరు మీద కొన్న భూములు, ఆ తర్వాత మాటలు లేకుండా పోయిన బావమరుదులు ఈ రెండు జిల్లాల్లో కొత్త కాదు.

ఊళ్ళ మీద కూడా ఆ కల నీడ పడుతుంది. కొన్ని గ్రామాల్లో పెద్ద పెద్ద ఇళ్ళు కట్టి తాళాలేసి ఉంటాయి. పాలరాతి అరుగు, ఇత్తడి బోల్టుల తలుపు, లోపల దుప్పట్లు కప్పిన సోఫాలు, ఔట్‌హౌస్‌లో వాచ్‌మన్ కుటుంబం. ఏడాదికి మూడు వారాలు తెరుచుకునే ఆ ఇల్లు ఒకరకంగా రాసి పెట్టుకున్న మాట, వస్తామని. ఆ మూడు వారాల్లో ఆ ఇంటి పిల్లలు దోమలకు, కరెంటు కోతకు విసుక్కుంటుంటే, వాచ్‌మన్ కొడుకు వాళ్ళ బూట్లు చూస్తూ అమెరికా గురించి కలగంటుంటాడు. వాడి కలలోనూ ఊరి పేరు ఉండదు. అడిగితే ‘డల్లాస్’ అంటాడేమో, అది వాడికి ఊరు కాదు, దేశానికి ఇంకో పేరు.

పండుగ మొహర్రం నెలలో వస్తుంది. అది చాంద్రమానం కాబట్టి ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఒక ఏడు ఎండల్లో, కొన్నేళ్ళకు చలిలో. ఏ ఆఫీసు సెలవుల పట్టికకూ అది పొసగదు. పైగా హెచ్-1బి మీద ఉన్నవాడు ఇక్కడికి వస్తే మళ్ళీ వీసా స్టాంపింగ్‌కు స్లాట్ దొరుకుతుందో లేదోనన్న టెన్షన్. విదేశీయానం రొట్టె తిన్నవాడు విదేశంలో ఉంటే, దాన్ని తిరిగి ఇవ్వాల్సిన చోటు స్వర్ణాల చెరువు. అందుకని అతని బదులు వాళ్ళ అమ్మ ఇంట్లో రొట్టె కాల్చి, గుడ్డలో చుట్టుకుని, బస్సు దిగి, చీర తడవకుండా పైకి పట్టుకుని నీళ్ళలోకి దిగుతుంది. ఎదురుగా ఇంకో అమ్మ చేయి చాపి ఉంటుంది. ‘ఏ రొట్టె?’ అని ఒకరు, ‘విదేశీ రొట్టె’ అని ఇంకొకరు.